ఎయిర్‌బ్రష్‌కు ఒక రోజు, గాలికి నెలన్నర

జూన్ 15, ఆదివారం

సీ హారియర్ యుద్ధవిమానపు ప్లాస్టిక్ బొమ్మ కడుపుకు కుంచెతో తెల్లరంగు వేయడం ఇది మూడోసారి. మూడోసారీ ఓడిపోయాను. మొదటి పూతలోంచి కింది ప్లాస్టిక్ కనిపించింది. రెండో పూతకు కుంచె వెంట్రుకల గీతలు తేలాయి. మూడో పూతతో ఆ గీతలు మునిగాయి, వాటితోపాటు రేకుల అతుకులను చూపే, రెక్కల మీది ప్యానెల్ గీతలూ మునిగిపోయాయి. 72వ వంతు బొమ్మ మీద వెంట్రుకవాసి మందం రంగు ఎక్కువైతే, అసలు విమానం మీద అది అరసెంటీమీటరు గచ్చు కింద లెక్క. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది ముంచి, గంటన్నర కూర్చుని రంగంతా తుడిచేశాను.

మన నౌకాదళానికి ఈ విమానాలు 1983లో వచ్చిన కొత్తలో పైన ముదురు సముద్రపు బూడిదరంగు, కింద తెలుపు ఉండేవి. నాకు ఆ రంగులే కావాలి. స్ప్రే డబ్బా ఆలోచన కూడా వచ్చింది. కారు డోరు మీద బాగుంటుంది గానీ, అరచేతిలో పట్టే విమానం మీద డబ్బాతో కొట్టడమంటే తులసికోటకు ఫైరింజను గొట్టంతో నీళ్ళు పట్టడమే.

ఎయిర్‌బ్రష్ కొంటున్నాను, అంటే గాలి ఒత్తిడితో రంగును సన్నటి తుంపరగా చిమ్మే, పెన్నులా పట్టుకునే పరికరం. మా ఆవిడకు చెప్పిన అంకె పదిహేను వేలు.

జూన్ 18, బుధవారం

మూడు రాత్రులు చదివాక, ఎయిర్‌బ్రష్ విషయంలో పెద్దగా తేల్చుకోవలసింది లేదని తెలిసింది. మీట నొక్కగానే గాలీ రంగూ కలిసి వచ్చేది సింగిల్ యాక్షన్. మీటను కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు, ఎంత లాగితే అంత రంగు వచ్చేది డబుల్ యాక్షన్. మొదటిది నేర్చుకోవడం తేలికే గానీ, దానితో వచ్చిన చేతి అలవాటు రెండోదానికి పనికిరాదు. అలాంటప్పుడు నేరుగా రెండోదే పట్టుకోవడం నయం.

రంగు కప్పు పైన ఉండే రకంలో రంగు తన బరువుతోనే, దాని పారకాన్ని అదుపుచేసే లోపలి సూది దగ్గరికి దిగుతుంది. తక్కువ ఒత్తిడితో, పది చుక్కల రంగుతో కూడా పని జరుగుతుంది. కింద సీసా వేలాడే రకంలో రంగును గాలి పైకి లాక్కోవాలి. గంటల తరబడి ఒకే రంగు కొట్టేవారికి అది మేలు, నాకు కాదు. నాజిల్, అంటే రంగు బయటికి వచ్చే మొన, దాని రంధ్రం 0.3 మి.మీ. 0.2 అయితే మొన మీద రంగు తొందరగా ఎండి మూసుకుపోతుంది. 0.5 ప్రైమర్‌కూ వార్నిష్‌కూ హాయి గానీ సన్నగీతకు పనికిరాదు. నడిమిదానితో మొదలుపెడితే రెండు వైపులా కాస్త కాస్త సర్దుకుంటుంది.

జూన్ 21, శనివారం

కొనేముందు ఒక్కసారి చేత్తో పట్టుకుని చూడాలనిపించింది. మా విశాఖలోనే, అల్లిపురంలో బోర్డులు రాసే ఒకాయన దగ్గర పాత ఎయిర్‌బ్రష్ ఉందని మిత్రుడు చెప్పాడు. ఫ్లెక్సీలు రాకముందు దుకాణాల బోర్డులన్నీ ఆయన చేతి మీదుగా వెళ్ళినవేనట. ఇప్పుడు నంబరు ప్లేట్లు, అప్పుడప్పుడు ఒక దేవుడి బొమ్మ. ఎయిర్‌బ్రష్‌ను పాత ధోవతి ముక్కలో చుట్టి, డబ్బాలో పెట్టి దాచుకున్నారు. క్రోమియం పూత పోయి, బొటనవేలు ఆనే చోట ఇత్తడి పసుపు బయటపడింది.

"మాస్టారూ, ముందు గాలి, తరువాత రంగు. ఆపేటప్పుడు ముందు రంగు, తరువాత గాలి. ఈ వరస తప్పితే సూది మొన మీద చుక్క నిలుస్తుంది. మళ్ళీ నొక్కగానే అదే ముందు వచ్చి పడుతుంది" అన్నారు. అట్టముక్క మీద నాతో పది గీతలు గీయించారు. మొదటి తొమ్మిదింటికీ రెండు చివర్లా ఉబ్బులు ఉన్నాయి, ఎముక ఆకారంలో. పదోదానికి ఒక చివరే ఉబ్బు.

గాలి దేనితో వస్తోందని చూస్తే, మూలన, పంక్చర్ల దుకాణాల్లో ఉండేలాంటి పెద్ద కంప్రెసర్. "దీని సంగతి అడగకండి, దీని ధర కంటే దీని మోత ఎక్కువ" అన్నారు.

జూన్ 22, ఆదివారం

ఎయిర్‌బ్రష్ ఆర్డరు పెట్టేశాను. డబుల్ యాక్షన్, పైన కప్పు, 0.3 నాజిల్, పెట్టెలో 0.2, 0.5 నాజిళ్ళు కూడా ఇస్తారు. రెండువేల చిల్లర. జపానువాళ్ళ ఇవాటా కొనమని చదివిన ప్రతిచోటా ఉంది, నిజంగానే మంచివి. అయితే మొదటి ఏడాది నేను పాడుచేయబోయే సామాను ఖరీదైనది కానక్కరలేదని నా లెక్క. డబ్బు గాలి వైపు పెడతాను.

జూలై 2, బుధవారం

ఎయిర్‌బ్రష్ నిన్న వచ్చింది. గాలి లేదు కాబట్టి చేయగలిగిందల్లా విప్పి చూడడం. విప్పి చూశాను. విరగ్గొట్టాను.

ఎలాగంటే, ముందు మూతి తీస్తే లోపల బియ్యపు గింజంత ఇత్తడి నాజిల్ ఉంటుంది. దానికి మర ఉంటుంది, తిప్పడానికి చిన్న రేకు తాళం ఇస్తారు. బిగించేటప్పుడు ఇంకాస్త, ఇంకాస్త అని తిప్పాను. చేతికి ఏమీ తెలియలేదు, చెవికి మాత్రం టిక్కుమని వినిపించింది. మర ఉన్న భాగం లోపల ఉండిపోయింది, మొన నా వేళ్ళ మధ్యకు వచ్చింది. లోపలి ముక్కను గుండుసూదితో మెల్లగా వెనక్కి తిప్పి తీయడానికి రాత్రి పదకొండైంది. నాజిల్‌ను రెండు వేళ్ళ బలంతో, ఆగినచోట ఆపి వదిలేయాలి. మర మీద కాస్త తేనెమైనం పూస్తే గాలి కారదు. ఈ రెండు వాక్యాలూ ముందే చదివాను. చదవడం వేరు.

పెట్టెలోని మిగతా రెండు నాజిళ్ళూ వేరే కొలతలవి, నా 0.3 సూదికి సరిపోవు. విడి నాజిల్ తెప్పించడానికి తొమ్మిది రోజులు అన్నారు. ఎయిర్‌బ్రష్ కొనబోయేవారు పేరు కంటే ముందు చూడవలసింది ఇది: దాని నాజిల్, సూది, వాషర్లు మన దేశంలో విడిగా దొరుకుతాయా లేదా.

జూలై 5, శనివారం

గాజువాక ఆటోనగర్. ఎండలో మూడు గంటలు.

మొదటి దుకాణంలో 24 లీటర్ల ట్యాంకు, 8 బార్ వరకు పోయే కంప్రెసర్ చూపించారు (ఒక బార్ అంటే దాదాపు బయటి వాతావరణపు ఒత్తిడంత). నా బడ్జెట్‌లోనే ఉంది. లెక్కవేసి చూశాను: 8 నుంచి 5 బార్‌కు దిగేలోపు 72 లీటర్ల గాలి ఇస్తుంది. ఎయిర్‌బ్రష్ నిమిషానికి పది లీటర్లు తాగినా ఏడు నిమిషాలు మోటారు మాటే లేకుండా రంగు వేసుకోవచ్చు. ఆశ పుట్టింది. "ఒకసారి ఆన్ చేయండి" అన్నాను. చేశారు. పక్క దుకాణంలో టీ తాగుతున్నాయన గ్లాసు పట్టుకుని బయటికొచ్చి చూశారు. మాది సీతమ్మధారలో మూడో అంతస్తు. కింది ఇంట్లో పెద్దావిడ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు పడుకుంటారు, నాకు ఖాళీ దొరికేదీ అప్పుడే. నమస్కారం పెట్టి బయటపడ్డాను.

కారు టైర్లకు గాలి కొట్టే పన్నెండు వోల్టుల పంపు గురించి కూడా అడిగాను. దుకాణం కుర్రాడు నవ్వాడు. అది ఒత్తిడి పుట్టించగలదు గానీ పది నిమిషాలు నడిపితే చేయి కాలుతుంది. పైగా గాలి గుటకలు గుటకలుగా వస్తుంది, ఆ గుటకలన్నీ రంగులో చుక్కలవుతాయి.

ఆటోనగర్‌కు వెళ్ళినందుకు దక్కింది ఒక్కటే. కార్లకు రంగు వేసేవారు వాడే, రెండు వైపులా బొగ్గు డబ్బాలున్న మాస్కు. మామూలు ఎన్95 రంగు తుంపరను ఆపుతుంది, థిన్నర్ ఆవిరిని ఆపదు.

జూలై 6, ఆదివారం

సాయంత్రం అమ్మాయిని తీసుకుని బీచ్ రోడ్డుకు వెళ్ళాను. ఒక వైపు ఇసుకలో 2002 నుంచి ఉన్న కుర్సుర జలాంతర్గామి, రోడ్డుకు అటు వైపు నౌకాదళం వాడిన టీయూ-142 విమానం. అమ్మాయి ఐస్‌క్రీం మీద, నేను రివెట్ల మీద. నాలుగడుగుల దూరం నుంచి చూసినా అంత పెద్ద విమానం మీద ప్యానెల్ గీతలు సన్నని నీడల్లా ఉన్నాయి, అంతే. మన బొమ్మల మీద నల్లటి సిరాతో గీస్తాం కదా, అది ఎంత అబద్ధమో తెలిసింది. రెయిలింగు మీద చేయి పెడితే ఉప్పుజిగురు. ఈ ఊళ్ళో గాలిలో నీళ్ళు ఉంటాయి, నీళ్ళలో ఉప్పు ఉంటుంది. ఇనుపవస్తువు కొనేటప్పుడు గుర్తుపెట్టుకోవాలి.

జూలై 12, శనివారం

కొత్త నాజిల్ వచ్చింది.

కంచరపాలెంలో ఫ్రిజ్ మెకానిక్ దగ్గర పాత ఫ్రిజ్ కంప్రెసర్ తీసుకుని, మంటలార్పే సిలిండర్‌ను ట్యాంకుగా పెట్టి సొంతంగా చేసుకోవచ్చునని ఒక ఆలోచన వారం రోజులుగా తిరుగుతోంది. చప్పుడు ఉండదు, ఖర్చు సగం. ఈ ఆలోచనను ఈ రోజు మా పై అంతస్తులో ఉండే బాబాయిగారి దగ్గర పెట్టాను. ఆయన హిందుస్థాన్ షిప్‌యార్డులో పెయింటరుగా చేసి రిటైరయ్యారు.

"సేఫ్టీ వాల్వు ఎక్కడ పెడతావు, బాబూ?" అన్నారు.

పెడతానన్నాను.

"ఆ సిలిండరు లోపల తుప్పు ఎంత పట్టిందో ఎలా చూస్తావు?"

చూడలేనన్నాను.

"ఆ కంప్రెసర్‌లో నూనె ఉంటుంది, గాలితోపాటు వస్తుంది. నూనె పడినచోట రంగు అంటదు, చేపకన్నులా గుండ్రంగా విడిపోతుంది. పడవ మీద పడితే గీకి మళ్ళీ వేస్తాం. నీ బొమ్మ ఎంత?"

జానెడు లేదన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. ఆలోచన అక్కడితో పోయింది.

జూలై 13, ఆదివారం

మిగిలినవి రెండు. ట్యాంకు లేని చిన్న కంప్రెసర్ ఒకటి. అదే మోటారుకు 3 లీటర్ల ట్యాంకు జతచేసినది ఇంకొకటి, ఏఎస్-186 అనే పేరుతో రకరకాల బ్రాండ్ల కింద అమ్ముతారు. పిస్టన్ రకం, నూనె అక్కరలేదు, ఆరో వంతు హార్స్‌పవర్. ట్యాంకు 4 బార్‌కు నిండగానే మోటారు తనంతట తాను ఆగుతుంది, 3 బార్‌కు దిగగానే మళ్ళీ మొదలవుతుంది. రెండింటికీ ధరలో తేడా మూడు వేల పైన.

మూడు లీటర్ల ట్యాంకు దేనికి? గాలి నిలవ కోసమని రాస్తారు. 4 నుంచి 3 బార్‌కు దిగేలోపు అది ఇచ్చేది మూడే లీటర్లు, మీట పట్టుకుని ఉంటే పద్దెనిమిది సెకన్లు. దాన్ని నిలవ అనడం సిగ్గుచేటు. గుటకలు లేకుండా గాలి సాఫీగా రావడానికని ఇంకొందరు అంటారు, అది నిజమే. కానీ విశాఖలో ఉన్నవాడికి అసలు కారణం వేరే ఉంది. అది లెక్క కడితేగానీ తెలియలేదు. ఆ లెక్క ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను.

30 డిగ్రీల వద్ద ఒక ఘనమీటరు గాలి దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. తేమ 80 శాతం ఉన్న రోజున, అంటే మనకు వానాకాలంలో ఏ రోజైనా, దానిలో 24 గ్రాములు ఉంటుంది. ఆ గాలిని 4 బార్‌కు కుదిస్తే, బయటి వాతావరణపు ఒత్తిడినీ కలుపుకుని, అది ఐదో వంతు చోటులోకి వచ్చేస్తుంది. ఆ కాస్త చోటు, తిరిగి 30 డిగ్రీలకు చల్లారాక, 6 గ్రాములకు మించి మోయలేదు. మిగిలిన 18 గ్రాములూ నీళ్ళయి తీరాలి. ఎక్కడ నీళ్ళవుతాయన్నదే ప్రశ్న. ట్యాంకులో అయితే అడుగున మర విప్పి పారబోయవచ్చు. గొట్టంలో అయితే విమానం కడుపు మీదికి వస్తాయి.

ట్యాంకులో నీళ్ళు వదిలేసిన గాలి, ఒత్తిడిని తగ్గించే రెగ్యులేటర్ దాటి మనకు కావలసిన 1.2 బార్‌కు దిగేసరికి రెండింతలకు పైగా వ్యాకోచిస్తుంది. అప్పుడు దానిలో తేమ 45 శాతం లోపే. అంటే గట్టిగా కుదించి, చల్లార్చి, నీళ్ళు దించి, తరువాత వదలడం. తడిబట్టను పిండి ఆరేయడం లాంటిదే. ట్యాంకు లేని దానిలో పిండడం లేదు. గాలి వేడివేడిగా నేరుగా గొట్టంలోకి వచ్చి, దారిలో చల్లారుతుంది.

ఏఎస్-186 ఆర్డరు పెట్టాను. తొమ్మిది వేల ఎనిమిది వందలు. గొట్టం, రెగ్యులేటర్, నీళ్ళు పట్టే గాజు గిన్నె కలిపి. మాస్కుతో, రంగులతో కలుపుకుంటే పదిహేను దాటింది. దాటిన సంగతి ఈ డైరీలో మాత్రమే ఉంది.

జూలై 20, 21

వచ్చింది. పెట్టె మీద 47 డెసిబెల్స్ అని ఉంది. నా ఫోను మీటరు దూరంలో 56 చూపించింది. ఫోనును పూర్తిగా నమ్మలేను, పెట్టెను అసలే నమ్మలేను. పాత ఫ్రిజ్ కంటే కాస్త ఎక్కువ, మిక్సీ కంటే చాలా తక్కువ. గచ్చు మీద నేరుగా పెడితే కింది ఇంటికి గుంయ్‌మని వినబడుతుందని, కారు రబ్బరు చాపను రెండు మడతలు వేసి దాని మీద పెట్టాను.

నిండాక మోటారు ఆగింది. ఎయిర్‌బ్రష్ తగిలించనే లేదు, నాలుగు నిమిషాలకు మళ్ళీ మొదలైంది. ఎక్కడో కారుతోంది. గిన్నెలో సబ్బునురుగు చేసి, పాత షేవింగ్ బ్రష్‌తో ప్రతి కీలు మీదా పూశాను. రెగ్యులేటర్ దగ్గర ఆవగింజంత బుడగలు వరసగా లేచాయి. మర విప్పి చూస్తే టెఫ్లాన్ టేపు ఒకే చుట్టు, అదీ తిరగదిప్పి చుట్టారు. వీధి చివర ప్లంబింగ్ సామాను దుకాణంలో టేపు చుట్ట కొన్నాను. మర బిగిసే వైపుకు నాలుగు చుట్లు వేసి బిగించాక, రాత్రి ఎనిమిదికి 4 బార్ ఉన్న ముల్లు, ఉదయానికీ దాదాపు అక్కడే ఉంది.

జూలై 26, 27

రంగు జోలికి పోలేదు. నీళ్ళలో నీలం సిరా కలిపి పాత న్యూస్‌పేపర్ల మీద చుక్కలు, గీతలు. అల్లిపురం ఆయన చెప్పిన వరస వేళ్ళకు ఎక్కడానికి రెండు రోజులు పట్టింది.

కాగితానికి దగ్గరగా పెట్టి ఎక్కువ లాగితే తడి చుక్క పగిలి నలువైపులా సాలీడు కాళ్ళలా పాకుతుంది. దూరంగా పెట్టి లాగితే పొడిపొడిగా పడుతుంది. మధ్యలో, సుమారు అయిదారు సెంటీమీటర్ల దగ్గర, తడి మెరుపు ఒక్క క్షణం కనిపించి ఆరిపోయే చోటు ఉంది. చేయి ఆ చోటును వెతుక్కోవాలి. చేతిని కదపడం మొదలుపెట్టాకే రంగు లాగాలి, రంగు ఆపాకే చేయి ఆపాలి. లేదంటే ఎముక గీతలే.

ఇంకొకటి. గేజ్‌లో 18 పీఎస్ఐ (ఒత్తిడికి ఇంకో కొలత, మనకు కావలసిన 1.2 బార్ అంతే) పెట్టి మీట నొక్కితే ముల్లు 12కు పడిపోయింది. గాలి ఆగి ఉన్నప్పుడు కనిపించే అంకెకూ, పారుతున్నప్పుడు ఉండే అంకెకూ తేడా ఉంటుంది. మీట నొక్కి పట్టుకుని, అప్పుడు మర తిప్పి 18 పెట్టాలి. ఆగినప్పుడు అది 25 దాకా చూపిస్తుంది, చూపించనీ.

కాగితాలన్నీ చూసి అమ్మాయి, "నాన్నా, ఇది వర్షమా?" అంది. ఒక కాగితం తీసుకుపోయి తన బల్ల పైన అంటించుకుంది.

ఆగస్టు 3, ఆదివారం

ఉదయం నుంచి ముసురు. ఫోనులో తేమ 88 శాతం. ఈ రోజు వద్దని మనసు చెబుతూనే ఉంది. నెలన్నర ఆగినవాడికి మనసు మాట ఎక్కదు.

బాల్కనీలో అట్టపెట్టె, దాని వెనక వంటింటి పాత ఎగ్జాస్ట్ ఫ్యాను. టమియా కంపెనీ తెలుపు, నంబరు ఎక్స్ఎఫ్-2, దాని సొంత థిన్నర్‌తో ఒకటికి ఒకటి కలిపాను. కప్పు అంచు మీదికి ఎగదోస్తే తెల్లటి తెర నిలిచి మెల్లగా జారింది, చిక్కన. ఒకటికి ఒకటిన్నర చేశాను. ఇప్పుడు ప్యాకెట్ పాలలా జారి, వెనక పల్చని పొర మాత్రం మిగిలింది. అదే కావాలి.

మొదటి పదిహేను నిమిషాల ఆనందం చెప్పలేను. తెలుపు మంచులా పడింది. కింది ప్లాస్టిక్ మెల్లమెల్లగా మాయమైంది. ప్యానెల్ గీతలు ఒక్కటి కూడా మునగలేదు. ఎడమ రెక్క అయింది, కడుపు అయింది, కుడి రెక్క మొదలుపెట్టాను. చేయి బాగా కుదిరింది కదా అని మీట వదలనే లేదు. మోటారు కూడా ఆగలేదు.

టప్. ఎయిర్‌బ్రష్ చిన్నగా ఉమ్మింది. కుడి రెక్క మీద కందిగింజంత నీటిబొట్టు. దాని కింద తెలుపు విరిగిన పాలలా చీలి, మధ్యలో ప్లాస్టిక్ కనిపిస్తోంది. ఆపేలోపే రెండో బొట్టు పొట్ట మధ్యలో పడింది.

కంప్రెసర్ దగ్గరికి వెళితే ట్యాంకు మీద చేయి పెట్టలేనంత వేడి. గాజు గిన్నెలో పెద్దగా ఏమీ లేదు. గొట్టం విప్పి దులిపితే నాలుగు చుక్కలు రాలాయి. ట్యాంకు కింది మర విప్పి, దగ్గు మందు మూతలో పట్టాను: 9 మిల్లీలీటర్లు, తుప్పు రంగు ఇప్పుడిప్పుడే పడుతోంది.

ఆగస్టు 4, సోమవారం

ఆఫీసు నుంచి రాగానే విమానాన్ని పట్టుకుని పైకి వెళ్ళాను. బాబాయిగారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కిటికీ దగ్గర తిప్పితిప్పి చూశారు.

"పూత బాగుంది. గాలే బాగాలేదు" అన్నారు. "నిన్న ముసురులో ఎవరు వేయమన్నారు? మా దగ్గర తేమ 85 దాటితే రంగు కొట్టే గన్ను ముట్టుకునేవాళ్ళం కాదు. రేకు వేడి, దాని మీద గాలి తేమ చెమ్మగా పట్టే వేడి కంటే మూడు డిగ్రీలు పైన ఉంటేనే పని. గాలి పొడిగా ఉందో లేదో తెల్ల బ్లాటింగ్ కాగితం మీద కొట్టి చూసుకున్నాకే రంగు పోసేవాళ్ళం."

నా లెక్క ఆయనకు చూపించాను. ట్యాంకులోనే నీళ్ళన్నీ దిగాలి కదా, ఎందుకు పూర్తిగా దిగలేదని అడిగాను. కాగితం ఒకసారి చూసి, ఒక మాట కింద వేలు పెట్టారు. "చల్లారాక" అన్న మాట. "నువ్వే రాశావు. చల్లారనిచ్చావా?"

ఇవ్వలేదు. మోటారు ఆగకుండా తిరిగింది కాబట్టి గాలి వేడిగానే ట్యాంకు దాటింది, వేడిగానే గాజు గిన్నె దాటింది. రెండు మీటర్ల గొట్టంలో తీరిగ్గా చల్లారి, నీళ్ళను నాకే అప్పజెప్పింది. గాజు గిన్నె పట్టేది అప్పటికే నీళ్ళయినదాన్ని, ఆవిరిని కాదు.

ఆగస్టు 9, శనివారం

చేసినవి:

టేబుల్ ఫ్యానును కంప్రెసర్ వైపు తిప్పాను. పది సెకన్లు వేయడం, మీట వదలడం, మోటారు ఆగేదాకా బొమ్మను తిప్పి చూసుకోవడం. మోటారు ఆగి ఉన్న కాలం తిరిగే కాలం కంటే ఎక్కువ ఉండాలని నియమం పెట్టుకున్నాను. ఎయిర్‌బ్రష్ పిడి కిందే తగిలించే బొటనవేలంత చిన్న నీళ్ళ గిన్నె ఒకటి తెప్పించాను, మూడు వందల చిల్లర. మొన్నటి బొట్లు పడినచోట 2000 నంబరు తడి ఎమరీ కాగితంతో రుద్ది చదును చేశాను.

రంగు పోయకుండా గాలి మాత్రం తెల్ల టిష్యూ కాగితం మీద నిమిషం సేపు కొట్టి చూశాను. కాగితం మధ్యలో చెమర్చినట్టు లీలగా ఒక మచ్చ. చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు. బయట తేమ 83.

ఆలోచిస్తూ మంచినీళ్ళ కోసం పడగ్గదిలోకి వెళ్ళాను. ఏసీ నడుస్తోంది. బయట దాని గొట్టంలోంచి బకెట్‌లోకి నీళ్ళు ధారగా పడుతున్నాయి. ఈ యంత్రం పొద్దస్తమానం చేస్తున్న పనే నాకూ కావాలి. 24 డిగ్రీల వద్ద, తేమ 55 శాతానికి దిగిన గదిలో ఘనమీటరుకు 12 గ్రాములే ఉంటుంది, బాల్కనీ గాలిలో సగం.

ఆగస్టు 10, ఆదివారం

కంప్రెసర్ పడగ్గదిలో, రబ్బరు చాప మీద, మంచం పక్కన. తలుపు సందులోంచి గొట్టం హాలు దాటి బాల్కనీకి. ఇంకొక మూడు మీటర్ల ముక్క కలపవలసి వచ్చింది. చల్లటి గదిలో కుదించిన గాలి వెచ్చటి బాల్కనీకి వస్తోంది కాబట్టి దారిలో నీళ్ళయ్యే ప్రసక్తి లేదు, ఇంకా పొడిబారుతుంది. గొట్టం పొడవైనందుకు రెగ్యులేటర్‌ను రెండు పీఎస్ఐ పెంచాను. థిన్నర్ వాసన బయటే, మోత లోపలే.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి మంచం వంక, కంప్రెసర్ వంక చూసింది.

"నాకు కరెంటు బిల్లు లెక్క చెప్పి పదకొండింటికే ఏసీ ఆపేస్తారు. మీ డబ్బాకు మాత్రం పట్టపగలు ఏసీనా?"

దీనికి ఘనమీటర్లలో సమాధానం లేదు. ఈ వారం నుంచి రాత్రి ఏసీ ఆపే సమయం ఆవిడ ఇష్టం.

టిష్యూ కాగితం నిమిషం తరువాత కూడా పొడిగానే ఉంది. రెండు నిమిషాలు కొట్టాను, పొడే. కుడి రెక్కకు, పొట్టకు పల్చటి పూతలు మూడు, మధ్యలో పదేసి నిమిషాలు. ఒక్క ఉమ్ము లేదు. మధ్యలో ఒకసారి మొన మీద తెలుపు ఎండి రంగు ఆగింది. థిన్నర్‌లో తడిపిన సన్నటి కుంచెతో సూది మొనను తుడిస్తే మళ్ళీ పారింది. అది గాలి తప్పు కాదు, తెలుపు అంతే.

పని అయ్యాక ట్యాంకు మర విప్పి మందు మూతలో పట్టాను. 4 మిల్లీలీటర్లు. ఎయిర్‌బ్రష్‌లోంచి సూది వెనక్కి లాగి తుడిచి, కప్పులో థిన్నర్ పోసి, కాగితం మీదికి తెల్లదనం పోయేదాకా కొట్టాను. నాజిల్ జోలికి మాత్రం పోలేదు.

రాత్రి బాబాయిగారు తామే కిందికి వచ్చారు. ఫోను టార్చి వెలిగించి, రెక్కకు ఏటవాలుగా పట్టి, బొట్టు పడిన చోటు కోసం వెతికారు. దొరకలేదు. మళ్ళీ వెతికారు.

"పైన బూడిదరంగు ఎప్పుడు?"

వచ్చే ఆదివారం అన్నాను.

"తెలుపు గట్టిపడాలి. మాస్కింగ్ టేపును ముందు చేతి మీద రెండుసార్లు అంటించి, జిగురు తగ్గించి వేయి. లేకపోతే ఈ కష్టమంతా టేపుతో లేచి వస్తుంది" అని, టార్చి ఆర్పి, కంప్రెసర్ చూపించమని పడగ్గది వైపు నడిచారు.